నోటిలెక్కలు నోరు మూయించి నేర్పడం ఎలా?

డీఎడ్‌లో సీటు సంపాదించి, మైక్రో టీచింగ్ గండం గట్టెక్కి, టీచింగ్ ప్రాక్టీసుకని ఏదో ఒక ప్రాథమిక పాఠశాల గుమ్మం తొక్కబోతున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ముందుగా నా సానుభూతి. పక్కన బీఎడ్ వాళ్ళ గతి చూశారుగా. ఒకప్పుడు వాళ్ళ కోర్సు ఏడాదిలో అయిపోయేది. 2014లో ఎన్‌సీటీఈ కొత్త నిబంధనలు తెచ్చి దాన్ని రెండేళ్ళు చేసింది, బళ్ళో గడపాల్సిన కాలాన్ని 20 వారాలు చేసింది. మీకూ తప్పించుకునే దారి లేదు. అన్నేసి వారాలు పిల్లల మధ్య తిరిగితే మనిషన్నవాడికి వాళ్ళ నుంచి ఏదో ఒకటి అంటుకుంటుంది. అంటకుండా కాపాడటానికే ఈ సలహాలు.

అన్ని సబ్జెక్టుల గురించీ చెప్పే ఓపిక నాకు లేదు. తెలుగు పాఠమైతే రాగం తీసి నెట్టుకు రావచ్చు. పరిసరాల విజ్ఞానమైతే చార్టు వేలాడదీసి నెట్టుకు రావచ్చు. చిక్కంతా లెక్కలతోనే, అందులోనూ నోటిలెక్కలతో. పాఠ్యపథకంలో వీటికి ‘మానసిక గణిత వ్యూహాలు’ అని పెద్ద పేరుంది. పెన్నూ కాగితం ముట్టకుండా సంఖ్యల్ని విడదీసి, అటూ ఇటూ సర్ది, బుర్రలోనే జవాబు తేల్చడమన్నమాట. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఒకే లెక్కను పిల్లలు నాలుగు రకాలుగా చేస్తారు. ఖర్మగాలి నాలుగూ సరైనవే అయితే, మీ చేతిలో ఉన్న ఎర్ర పెన్ను ఏం కావాలి?

ముందు మీరు చేయకండి

డైట్‌లో గణిత బోధనా పద్ధతుల పీరియడ్. లెక్చరర్ గారు అందరి చేతా పెన్నులు కింద పెట్టించి బోర్డు మీద 25 × 16 వేస్తారు. ఒక్కసారి తల తిప్పి మీ బ్యాచ్‌ని చూడండి. కళ్ళు సీలింగ్ ఫ్యాను మీద ఉంటాయి, కుడిచేతి చూపుడువేలు గాల్లో ఉంటుంది. ఆరైదులు ముప్పై, సున్నా వేసి చేతిలో మూడు. ఆరు రెళ్ళు పన్నెండు, మూడూ పదిహేను. నూట యాభై. ఇప్పుడు రెండో వరస, ఒక స్థానం జరిపి... ఈలోపు మొదటి వరస ఎగిరిపోయింది. గాలిని అరచేత్తో తుడిచి మళ్ళీ మొదలు. కాగితం మీద చేసే పనినే కాగితం లేకుండా చేయడం మన దగ్గర తరతరాలుగా వస్తున్న నోటిలెక్క. దీన్ని వదలకండి.

వెనక బెంచీలో ఒకడుంటాడు. ‘నాలుగు పాతికలు వంద, పదహారులో నాలుగు నాలుగులు, అంటే నాలుగొందలు’ అని మీరు ఫ్యాను వైపు చూసేలోపే అనేస్తాడు. వాడితో స్నేహం వద్దు. అలాంటివాళ్ళే రేపు క్లాసులో పిల్లల్ని కూడా ఆలోచించుకోనిచ్చేది.

మీకు షార్ట్‌కట్లు రావని నేననడం లేదు. టెట్‌కీ డీఎస్సీకీ రాత్రిళ్ళు కోచింగ్ మెటీరియల్ ముందేసుకుని శాతాలూ, నిష్పత్తులూ, కాలం–పని లెక్కలూ పెన్ను పెట్టకుండా కొట్టేస్తున్నారు. 18 శాతం కావాలంటే 20 శాతం కట్టి 2 శాతం తీసేయాలని మీకు శుభ్రంగా తెలుసు. ఆ విద్య ఉద్యోగం తెచ్చుకోవడానికి. ఉద్యోగం చేయడానికి అది అక్కర్లేదు. రెండూ కలిపేసుకుని తర్వాత నన్ననకండి.

పథకం ఘనంగా, పాఠం పొదుపుగా

మన రెండు రాష్ట్రాల గణితంలోనూ విద్యాప్రమాణాలు ఐదని మీకు కంఠతా వచ్చే ఉంటుంది: సమస్యా సాధన, కారణాలు చెప్పడం–నిరూపణ చేయడం, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడం. ఐదింటికీ ఐదు గళ్ళు గీసి, స్కేలుతో అండర్‌లైన్ కొట్టి, ‘విద్యార్థులు తాము అనుసరించిన వ్యూహానికి కారణాలు చెప్పగలుగుతారు’ అని గుండ్రటి చేతిరాతతో రాయండి. చెప్పగలుగుతారనే కదా రాశాం, మేం చెప్పనిస్తామని ఎక్కడా రాయలేదు. అడిగేవాడికి ఈ మాట చాలు. ఇక చార్టంటారా, కాలేజీ ఎదుటి జిరాక్స్ షాపులో రెడీమేడ్‌గా దొరుకుతుంది. పోయినేడాది సీనియర్ పేరు మీద తెల్లకాగితం అంటించుకుంటే సరి.

ప్రశ్న అడిగాక ఆగకండి

మేరీ బడ్ రో అని అమెరికాలో ఒక పరిశోధకురాలు ఉండేవారు. 1970లలో తరగతి గదుల టేపులు ఓపిగ్గా విని, ప్రశ్న వేశాక టీచర్లు సుమారు ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేల్చారు. దాన్ని మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడవవుతాయనీ, ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు కూడా విప్పుతారనీ చెప్పారు. ఆవిడకేం, చెబుతారు. మధ్యాహ్న భోజనం గుడ్లు ఎవరు లెక్కపెడతారు, యాప్‌లో ఫొటోలు ఎవరు ఎక్కిస్తారు అనే బాధ ఆవిడకు లేదు.

మూడు సెకన్ల నిశ్శబ్దం ఎంత భయంకరంగా ఉంటుందో చాక్‌పీసు పట్టుకుని నిలబడితే తెలుస్తుంది. ఆ నిశ్శబ్దంలో పిల్లలు ఆలోచిస్తూ ఉండవచ్చు. కిటికీ బయట నిలబడ్డ హెచ్ఎం గారికి మాత్రం మీకు పాఠం రానట్టు కనిపిస్తుంది. కాబట్టి ఇలా చేయండి: ‘ఎనిమిదీ ఏడూ ఎంతర్రా? చెప్పాలి, తొందరగా, పద... పది...’ అని మీరు సగం అందించండి, మిగతా సగం ‘హేనూ!’ అని క్లాసంతా అందుకుంటుంది. వెరీ గుడ్, చప్పట్లు. పదిహేనులో ‘పది’ మీరే చెప్పారు, ‘హేను’ ముందు బెంచీ ఇద్దరు చెప్పారు, మిగతావాళ్ళు నోరు ఆడించారు. అబ్జర్వేషన్ షీటులో ‘విద్యార్థుల భాగస్వామ్యం’ అనే గడికి ఇంతకంటే ఏం కావాలి?

అసలు ఈ ఎనిమిదీ ఏడూ దగ్గరే ఒక కుర్రాడు మీకు తగులుతాడు. ‘ఏడులోంచి రెండు తీసి ఎనిమిదికిస్తే పది సార్, ఇంకో ఐదు మిగిలింది’ అంటాడు. ఏడు సొమ్ము ఎనిమిదికి ఇవ్వడానికి నువ్వెవరని గద్దించండి. ఇంకో అమ్మాయి ‘ఏడూ ఏడూ పద్నాలుగు, ఇంకొకటి’ అంటుంది. అడగని ఏడుని ఎందుకు తెచ్చావని అడగండి. ఇంకొకడు బల్ల కింద వేళ్ళు ముడుస్తూ ఉంటాడు. వాణ్ణి అందరిముందూ లేపి నిలబెట్టండి. నాలుగో తరగతికొచ్చి వేళ్ళా? పదివేళ్ళు ఉండబట్టే మనుషులకు పదుల్లో లెక్కపెట్టడం అలవాటైందన్న ముక్క వాడికి ఎవరూ చెప్పకుండా చూసుకోండి. మర్నాటి నుంచి వాడు చేతులు జేబులో పెట్టుకుని లోపలే ముడుచుకుంటాడు. మీకు కనపడకపోతే చాలు.

అప్పుల వీధి

ఇప్పుడు అసలు పాఠం. నాలుగో తరగతి, బోర్డు మీద 502 − 198. ‘పిల్లలూ, ఇది నోటితో చేయాలి’ అంటూనే మీరు ఒకదాని కింద ఒకటి వేసి అడ్డగీత గీసేయండి. ఆ గీత పడగానే పిల్లల కళ్ళకు ఐదొందల రెండు అనే సంఖ్య కనిపించడం మానేస్తుంది. ఐదూ, సున్నా, రెండూ అని విడివిడిగా మూడు అంకెలే కనిపిస్తాయి. మనకు కావలసింది అదే.

ఇక కథ మొదలెట్టండి. రెండులోంచి ఎనిమిది పోతుందా? పోదు. పక్కింటికెళ్ళి అప్పు అడగాలి. పక్కింట్లో ఎవరున్నారు? సున్నా గారు. ఆయన దగ్గరే చిల్లిగవ్వ లేదు. ఆయన తన పక్కింటి ఐదు గారిని అడగాలి. ఐదు గారు ఒకటిచ్చి నాలుగయ్యారు. సున్నా గారు పదయ్యారు. అందులోంచి ఒకటి రెండు గారికిచ్చి తొమ్మిదయ్యారు. రెండు గారు పన్నెండయ్యారు. ఆ వీధిలో ఎవరు ఎవరికి బాకీయో తేలేసరికి బెల్లు కొడతారు. ఐదు గారిచ్చిన ఒకటి నిజానికి వంద అనీ, అది సున్నా గారింట్లో పది పదులుగా మారిందనీ చెప్పవచ్చు, పుల్లల కట్టలు విప్పి చూపించవచ్చు. చెబితే ‘పదెలా అయ్యింది సార్’ అన్న ప్రశ్న రాదు. ఆ ప్రశ్న రాకపోతే ‘పుస్తకంలో అలాగే ఉంది’ అనే మీ జవాబు వృథా అవుతుంది.

పలకలు పైకెత్తించండి. సగం పలకల మీద 496 ఉంటుంది. చిత్రంగా అందరిదీ ఒకే తప్పు. ఎందుకో చూడండి: ఎనిమిదిలోంచి రెండు పోతే ఆరు, తొమ్మిదిలోంచి సున్నా పోతే తొమ్మిది, ఐదులోంచి ఒకటి పోతే నాలుగు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేశారు. చిన్నదానిలోంచి పెద్దది పోదని ఒకటో తరగతిలో మనమే చెప్పాం, వాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. ‘ఐదొందల్లోంచి ఇంచుమించు రెండొందలు తీసేస్తే నాలుగొందల తొంభై ఆరు ఎలా మిగులుతుందిరా?’ అని ఒక్క ముక్క అడిగితే నాలుక కరుచుకుని వాళ్ళే దిద్దుకుంటారు. అడక్కండి. ఇంటూ కొట్టి ‘ఐదుసార్లు రాయుము’ అని పెట్టండి. తప్పును ఐదుసార్లు రాయాలా, ఒప్పును ఐదుసార్లు రాయాలా అనేది వాళ్ళు తేల్చుకుంటారు.

ఈ గొడవలో కిటికీ పక్క కూర్చున్న ఒక పిల్ల, మీరింకా సున్నా గారింట్లో ఉండగానే, ‘మూడొందల నాలుగు సార్’ అంటుంది. ఎలా చేశావని పొరపాటున కూడా అడగకండి. అడిగితే ఇలా చెబుతుంది: ‘నూట తొంభై ఎనిమిదికి రెండిస్తే రెండొందలు. అక్కణ్ణుంచి ఐదొందల రెండుకి మూడొందల రెండు. ఆ రెండూ ఈ మూడొందల రెండూ.’ వెంటనే పక్కవాడికి ధైర్యం వస్తుంది. ‘నేను రెండొందలు తీసేశాను సార్. రెండు ఎక్కువ తీశాను కదా, మళ్ళీ కలిపేశాను.’ ఇంకొకతె లేచి ‘రెంటికీ రెండేసి కలిపాను టీచర్, ఐదొందల నాలుగులోంచి రెండొందలు’ అంటుంది. మూడు దారులు, మూడింట్లోనూ ఎవరూ ఎవరికీ అప్పు పెట్టలేదు. మీరు పావుగంట నుంచి నడిపిన వీధి వీధంతా ఖాళీ!

ఇలాంటప్పుడు వాడటానికి ఒక వాక్యం ఇస్తున్నాను, కంఠతా పట్టండి: ‘జవాబు కరెక్టే, పద్ధతి తప్పు. చేతిలో ఒకటి ఏదీ? కూర్చో.’ దీని మహిమ చెప్పనలవి కాదు. ఆ పిల్ల మళ్ళీ లేవదు. పక్కవాడు అసలే లేవడు. వారం తిరిగేసరికి క్లాసు అణకువగా తయారై, తరగతి నిర్వహణ మార్కులు పూర్తిగా మీ ఖాతాలో పడతాయి.

ఈ దారుల్ని బోర్డు మీదికి ఎక్కించే దుర్మార్గపు పద్ధతులు కూడా ఉన్నాయి, జాగ్రత్త. నెదర్లాండ్స్ వాళ్ళు 1990ల నుంచి ఖాళీ సంఖ్యారేఖ అని ఒకటి వాడుతున్నారు. అంకెలు లేని ఒట్టి గీత గీసి, 198 దగ్గర ఒక చుక్క పెట్టి, 200కి ఒక చిన్న గెంతు, 502కి ఒక పెద్ద గెంతు వేసి చూపిస్తారు. కిటికీ పక్క పిల్ల బుర్రలో జరిగింది నలభైమందికీ కనిపించిపోతుంది. చాక్‌పీసు కూడా పెద్దగా ఖర్చు కాదు, అదీ విషాదం. అమెరికాలో రూత్ పార్కర్, కాథీ రిచర్డ్‌సన్ అనే ఇద్దరు మరో అలవాటు మొదలెట్టారు. ఒకటే లెక్క ఇస్తారు. జవాబు తట్టినవాళ్ళు చెయ్యెత్తకుండా గుండె దగ్గర బొటనవేలు నిలబెడతారు, పక్కవాడు కంగారు పడకూడదని. టీచరు వచ్చిన జవాబులన్నీ, తప్పులతో సహా, మొహంలో ఏ భావమూ లేకుండా బోర్డు మీద రాసి, ‘ఎలా చేశారో ఎవరు చెబుతారు?’ అంటుంది. మన దగ్గర ఇది కుదరదు. ‘సార్ సార్ నేను సార్’ అని బెంచీ ఎక్కేవాళ్ళు లేకపోతే క్లాసు జరుగుతున్నట్టు పక్క క్లాసుకు ఎలా తెలుస్తుంది?

ఇంతకీ ఈ తీసివేత ఎవరికొచ్చని మీకు దిగులొద్దు. 2021 జులైలో నిపుణ్ భారత్ మొదలుపెట్టి, 2026–27 కల్లా మూడో తరగతి దాటే ప్రతి బిడ్డకూ చదువూ లెక్కా వచ్చి తీరాలన్నారు. అసర్ 2024 నివేదిక ప్రకారం పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండంకెల అప్పు తీసివేత చేయగలిగినవాళ్ళు 33.7 శాతం. మిగతావాళ్ళను మీకంటే ముందే ఎవరో చక్కబెట్టి పెట్టారు. నింద మీ ఒక్కరి మీదే పడదు.

బజారును బజార్లోనే ఉంచండి

ఆ కిటికీ పక్క పిల్లకు ఆ లెక్క ఎక్కడిదని ఆరా తీస్తే వాళ్ళమ్మ కూరగాయల బండి దగ్గర తేలుతుంది. ముప్పై ఏడు రూపాయల కూరకు వంద నోటిస్తే ఆ పిల్ల తీసివేత చేయదు. ‘ముప్పై ఏడు’ అని మొదలెట్టి, మూడు రూపాయలు పెట్టి ‘నలభై’, పది పెట్టి ‘యాభై’, యాభై పెట్టి ‘వంద’ అని మీ చేతిలో చిల్లర పోసేస్తుంది. తీసివేతను కూడికతో చేసేసిందన్నమాట. ఊళ్ళో ప్రతి దుకాణదారుడూ చేసే పనే. ఇలాంటి అనాగరిక పద్ధతి నాలుగ్గోడల మధ్యకు రాకూడదు.

బ్రెజిల్‌లో రెసీఫె అనే నగరంలో కొందరు పరిశోధకులు దీన్నే తవ్వి చూశారు. 1985లో అచ్చయిన ఆ పనిలో బజార్లో సరుకులమ్మే ఐదుగురు పిల్లల్ని తీసుకున్నారు. ముందు బండి దగ్గరకే వెళ్ళి, కొనేవాళ్ళలా ధరలు అడిగారు. 98 శాతం జవాబులు సరిగ్గా వచ్చాయి. ఒక కొబ్బరికాయ 35 అయితే పది ఎంతని అడిగితే, ఒక కుర్రాడు సున్నా చేర్చకుండా మూడు కాయలకు 105 అని, ఇంకో మూడుకు 210 అని, అలా పేర్చుకుంటూ 350కి చేరాడు. తర్వాత ఆ పిల్లలకే, ఆ అంకెలే, ఒట్టి లెక్కలుగా కాగితం మీద ఇచ్చారు. 37 శాతం వచ్చాయి. మన కోల్‌కతా, ఢిల్లీ బజారు పిల్లల మీద అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం చేసిన పని 2025లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. అక్కడా ఇదే కథ: బేరంలో తడుముకోని పిల్లలు బడి లెక్కల దగ్గర చతికిలబడ్డారు, బడిలో లెక్కలు చేసే పిల్లలు బజారు లెక్క దగ్గర చతికిలబడ్డారు.

చూశారా, బడికీ బజారుకీ మధ్య గోడ ఎంత గట్టిగా కట్టారో! తరాలు కష్టపడితేగాని అంత గోడ లేవదు. రేపు మీరెవరో వచ్చి కూరగాయల ధరల పట్టిక తెచ్చి, నకిలీ నోట్లు పంచి, ‘చిల్లరెంత ఇస్తావు, ఎలా ఇస్తావు’ అని అడిగి దానికి కన్నం పెట్టకండి. ఎలాగూ ఫోన్‌పే వచ్చి చిల్లర ఇచ్చే పనే తగ్గిపోయింది. కాస్త ఓపిక పడితే ఆ పిల్లకున్న అలవాటూ దానంతటదే పోతుంది.

చిట్కా చెప్పండి, కిటుకు చెప్పకండి

వ్యూహం అంటే ఆలోచన. ఆలోచన నేర్పడానికి రోజులు పడతాయి. దాని బదులు చిట్కా అయితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది, పైగా పిల్లలు నోరు వెళ్ళబెడతారు. పూరీ శంకరాచార్యులు భారతీకృష్ణ తీర్థ పేరు మీద 1965లో వచ్చిన ‘వేద గణితం’ పుస్తకం ఇందుకు పెన్నిధి. అందులోవి వేదాల్లో లేవని ఎస్.జి. దాని వంటి గణితవేత్తలు మొత్తుకున్నారు. మీకెందుకు, పేరు బాగుంది.

97 × 96 వేయండి. వందకు మూడు తక్కువ, నాలుగు తక్కువ. 97లోంచి నాలుగు పోతే 93. మూడు నాలుగులు 12. జవాబు 9312! చప్పట్లు. వందలోంచి మూడూ నాలుగూ పోయాయి కాబట్టి ఏడు వందలు తగ్గి, ఒక పన్నెండు తిరిగొచ్చిందని చెప్పే ప్రయత్నం చేయకండి, ఇంద్రజాలం పాడవుతుంది. అంతలో ఎవడో ఒకడు 47 × 32 చేయమంటాడు. అదే చిట్కాతో వెళ్తే 53 తక్కువ, 68 తక్కువ. ఆ రెంటినీ గుణించడం కంటే అసలు లెక్కే సుఖం. ‘అది హైస్కూల్లో వస్తుంది’ అని చెప్పి డస్టరు అందుకోండి.

పదకొండు ఎక్కం చిట్కా ఇంకా రుచిగా ఉంటుంది. 43 × 11 అంటే నాలుగుకూ మూడుకూ మధ్యలో వాటి మొత్తం ఏడు పెట్టు, 473. పిల్లలు ఎగిరి గంతేస్తారు. ఇక 57 × 11 ఇచ్చి చూడండి. ఐదూ ఏడూ పన్నెండు, మధ్యలో పెట్టు: 5127. పది యాభై ఏడులు ఐదొందల డెబ్భై, ఇంకో యాభై ఏడు వేస్తే 627 అని చేసుకోగల పిల్ల కూడా, చిట్కా వచ్చాక ఆ దారి మర్చిపోయి ఐదువేల నూట ఇరవై ఏడు అని ధీమాగా రాస్తుంది. యాభై ఏడుని పదిసార్లు వేసినా ఆరొందలు దాటదన్న అనుమానం కూడా రాదు. అనుమానం రాని క్లాసును అదుపులో పెట్టడం ఎంత హాయో చెప్పలేను.

గడియారం చూపించి భయపెట్టండి

నోటిలెక్కలంటే వేగం. ఆలోచన గీలోచన తర్వాత సంగతి. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి అందరికీ కనపడేలా బల్ల మీద నిలబెట్టండి. మొదట చెప్పినవాడికి పెన్సిలు, చివర చెప్పినవాడికి అందరి నవ్వులు. భయం పట్టుకుంటే, లెక్క చేసేటప్పుడు అంకెల్ని పట్టి ఉంచాల్సిన జ్ఞాపకంలో కొంత చోటు ఆ భయమే తినేస్తుందని ఆష్‌క్రాఫ్ట్, కర్క్ అనే ఇద్దరు 2001లో ప్రయోగాలు చేసి చూపించారు. అంటే స్టాప్‌వాచ్ పెట్టడం వల్ల రెండు లాభాలు: లెక్క రానివాడికి రాదు, వచ్చినవాడికి కూడా కాసేపు రాదు. పోటీ రసవత్తరంగా ఉంటుంది.

పోటీకి ముందు ప్రేరణ ఉండాలి కాబట్టి మహానుభావుల కథలు చెప్పండి. 1980 జూన్ 18న లండన్ ఇంపీరియల్ కాలేజీలో శకుంతలా దేవి రెండు 13 అంకెల సంఖ్యల్ని 28 సెకన్లలో గుణించిన వైనం చెప్పండి. పుట్టుకతో చూపు లేకున్నా, ప్రొద్దుటూరు దగ్గర కల్లూరులో పుట్టి వేల గణితావధానాలు చేసిన లక్కోజు సంజీవరాయ శర్మ గారు, తేదీ చెబితే వారం ఎలా చెప్పేసేవారో వర్ణించండి. చెప్పి, ఇవన్నీ పుట్టుకతో రావాలర్రా అని ముక్తాయించండి. వాళ్ళు సంఖ్యల్ని ఎలా విడగొట్టుకునేవారో, ఎంత సాధన చేసేవారో ఎత్తకండి. తర్వాత వెనక బెంచీ వాణ్ణి లేపి ఎనిమిదీ ఏడూ ఎంతని అడగండి. వాడి నోట మాట రాదు. పుట్టుకతో రాలేదని వాడికే అర్థమైపోతుంది.

అబ్జర్వర్ వచ్చే రోజు

ఇది మన పెళ్ళిరోజు లాంటిది. ముందురోజే అవే లెక్కలు, అదే వరసలో, అవే జవాబులతో చెప్పించి పెట్టుకోండి. జవాబు తెలిసినవాళ్ళు కుడిచెయ్యి, తెలియనివాళ్ళు ఎడమచెయ్యి ఎత్తాలన్న పాత ఒప్పందం ఇప్పటికీ పనిచేస్తుంది. బాగా చెప్పేవాళ్ళు ముందు వరస. కిటికీ పక్క పిల్లను ఆ పూట గైడ్ టీచర్ గారికి మంచినీళ్ళు తెమ్మని పంపండి, లేదా ఒకటో తరగతి పిల్లల్ని చూసుకోమనండి. ఏకోపాధ్యాయ పాఠశాలల్లో ఇది వింతగా కూడా కనిపించదు.

అబ్జర్వర్లలో కూడా అక్కడక్కడా ప్రమాదకరమైనవాళ్ళు ఉంటారు. మీ చార్టు చూడరు, మీ టీఎల్ఎం ముట్టరు. వెనక బల్ల మీద ఒక పిల్లాడి పక్కన కూర్చుని ‘నువ్వెలా చేశావు నాన్నా?’ అని మెల్లిగా అడుగుతారు. అడిగి ఊరుకోరు, వాడు చెప్పేదాకా కూర్చుంటారు. ఇలాంటివాళ్ళు వస్తున్నారని తెలిస్తే ఆ రోజు తెలుగు పద్యం పెట్టుకోండి.

రికార్డు

పాఠం ఎలా పోయినా రికార్డు బాగుండాలి. ‘పాఠ్యబోధన అనంతర ప్రతిస్పందన’ అని చివర ఒక పేజీ ఉంటుంది, అక్కడ చాలామంది తడబడతారు. పిల్లలు ఏం అన్నారో, ఏ లెక్క దగ్గర ఆగారో, ఏ తప్పు పదిమందికీ ఒకేలా వచ్చిందో రాయమని దాని ఉద్దేశం. 496 గురించి ఒక్క పేరా నిజాయతీగా రాస్తే మార్కులు పోవు గానీ, రేపు ఇంకో పాఠం ఇంకోలా చెప్పాల్సి వస్తుంది. అంత దూరం ఎందుకు? ‘విద్యార్థులు ఉత్సాహంగా పాల్గొన్నారు. లక్ష్యాలు నెరవేరాయి’ అని రాసి, అదే వాక్యాన్ని మిగతా పాఠాలన్నింటికీ ఎత్తిరాయండి. నా రికార్డులో అన్ని పాఠాల కిందా ఇదే ఉంది. డిస్టింక్షన్ వచ్చింది.

బైండింగ్‌కి ఇచ్చేముందు పాఠ్యపథకాలు అన్నీ ఉన్నాయో లేదో, ప్రతిదాని మీదా గైడ్ టీచర్ సంతకం పడిందో లేదో చూసుకోండి. ఒక్కటి తగ్గినా వాపసు ఇచ్చేస్తారు. ఈ లెక్క మాత్రం నోటితో వద్దు, వేళ్ళు పెట్టి లెక్కపెట్టుకోండి.